ఆయిలు మార్చినందుకేనా

ఆ మధ్యాహ్నం ఆమె మూడు క్లినిక్కులకు కట్టుడుపళ్ళు అందజేయాలి. రెండు చోట్ల ఇచ్చేసింది. మూడోచోటికి వెళ్తూ మలుపు తిరిగేసరికి స్టీరింగు వెనక ఎర్రటి లైటు వెలిగింది. ముక్కు నుంచి ఒక చుక్క కారుతున్న నూనె డబ్బా బొమ్మ. మలుపు దాటాక ఆరిపోయింది. తర్వాతి మలుపులో మళ్ళీ వెలిగింది.

ఆమె కారు పక్కకు తీసి ఇంజను ఆపేసింది. చేతులు స్టీరింగు మీదే ఉంచి కాసేపు కూర్చుంది. ఇలాంటప్పుడు భయం వెయ్యాలని తెలుసు. వెయ్యలేదు. మెకానిక్కుకు ఫోను చేసి సంగతి చెప్పింది.

"ఉన్నచోటే ఉండండి మేడమ్! తాళం తిప్పకండి! వచ్చేస్తున్నా!" ఫోను చెవికి దూరంగా పెట్టినా మాట స్పష్టంగా వినబడింది.

ఆ మెకానిక్కును అందరూ సైలెన్సర్ అంటారు. మనిషి మౌని అని కాదు. నోరు విప్పాడంటే పగిలిన సైలెన్సరులాగా వీధి చివరిదాకా వినిపిస్తాడు. అసలు పేరు అతని భార్యకైనా గుర్తుందో లేదో.

పది నిమిషాల్లో స్కూటరు మీద ఆయిలు డబ్బా పెట్టుకుని వచ్చాడు. బానెట్టు ఎత్తి, ఇంజనులో ఆయిలు ఎంతుందో చూసే పుల్లను బయటికి లాగాడు. గుడ్డతో తుడిచి మళ్ళీ ముంచి తీశాడు. పుల్ల చివర ఎండిపోయి ఉంది.

"చుక్క అంటలేదు మేడమ్! ఇంకో నాలుగు కిలోమీటర్లు పోయుంటే ఇంజను పట్టేసేది. తర్వాత దీన్ని తూకానికి అమ్ముకోవడమే!"

"రెండున్నర నెలల కింద ఆయిలు మార్చింది మీరేగా?" అంది ఆమె.

"నేనే."

"అప్పుడు కంపెనీ కూడా మార్చారు. ఎప్పుడూ పోసేది దొరకలేదన్నారు."

"అన్నాను. ఇదీ మంచిదే. గ్రేడు కూడా అదే."

"పన్నెండేళ్ళుగా ఈ కారు నా చేతిలో ఉంది. ఒక్క చుక్క తాగలేదు. మీ కొత్త ఆయిలు పోశాకే తాగింది."

ఆమె గొంతులో కోపం లేదు. రసీదు చదివి వినిపించినట్టు చెప్పింది. అదే సైలెన్సరుకు ఎక్కువ గుచ్చుకుంది. తిట్టిన మనిషికైతే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు.

"పంతొమ్మిదేళ్ళ బండి మేడమ్ ఇది. నన్నేమైనా అనండి పడతాను. పోసిన ఆయిలు మీద నింద వేస్తే మాత్రం ఊరుకోను. తేల్చేద్దాం. ఇప్పుడు పుల్ల మీది పై గీత దాకా నింపుతున్నా. రోజూ పొద్దున్నే బండి తియ్యకముందు, చదునుగా ఉన్నచోట నిలబెట్టి పుల్ల తీసి చూడండి. పై గీత నుంచి కింద గీతకు వచ్చిందంటే లీటరు పోయినట్టు. ఎన్ని కిలోమీటర్లకు వచ్చిందో నాకు చెప్పండి. ఆ తర్వాత పాత కంపెనీ ఆయిలే ఎక్కడున్నా తెప్పించి పోస్తా. మళ్ళీ అలాగే చూడండి. అప్పుడు చెబుదురుగాని ఎవరిది తప్పో."

"సరే," అంది ఆమె.

కొలవడం ఆమెకు కొత్త కాదు. పళ్ళ ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని అదే. పన్ను ఎత్తు కాగితం మందం ఎక్కువైనా నమిలేవాడికి తెలిసిపోతుంది. పొద్దున్నే ఆరుగంటలకు కిందికి దిగి, పుల్ల తీసి, తుడిచి, ముంచి, చూసి, పైకి వచ్చేది. పదిహేడేళ్ళ కూతురు పళ్ళు తోముకుంటూ కిటికీలోంచి అరిచేది.

"అమ్మా, జ్వరం ఎంతుంది దానికి?"

"తగ్గుతోంది," అనేది ఆమె, నవ్వకుండానే. కూతురు మాత్రం నురగ నోటితో పడీపడీ నవ్వేది.

ఇంట్లో ఇప్పుడు ఉండేది ఆ ఇద్దరే. ఆ లైటు వెలగడానికి నాలుగు నెలల ముందు ఆమె భర్త ఇల్లు వదిలి వెళ్ళాడు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో అతనికి ఉద్యోగం. మధ్యలో ఇంకో ఆడమనిషి లేదు. తిట్టుకోవడాలు, కొట్టుకోవడాలు లేవు. ఒక సాయంత్రం అన్నం తింటూ, "నేను కొన్నాళ్ళు వేరే ఉంటాను," అన్నాడు. ఆమె మజ్జిగ వడ్డిస్తూ, "ఇస్త్రీపెట్టె తీసుకెళ్తారా?" అని అడిగింది. పద్దెనిమిదేళ్ళ సంసారం ఆ రెండు మాటల మధ్య తెల్లారిపోయింది.

సంగతి తెలిసి చెల్లెలు పరుగెత్తుకొచ్చింది. అక్కను పట్టుకుని ఏడుద్దామని సిద్ధపడి వచ్చిన మనిషి, అక్క వంటింట్లో గిన్నెలు తుడుస్తుంటే ఏం చెయ్యాలో తోచక గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏంటే అక్కా, రాయిలా ఉన్నావు? ఏడవవేం?"

"వస్తే ఏడుస్తానే. రావట్లేదు."

నిజంగానే రాలేదు. పంటికి మత్తుసూది ఇచ్చాక పెదవి తనది కానట్టు వేలాడుతుందే, ఆమెకు ఒళ్ళంతా అలాగే ఉండేది. పని చేసేది, వండేది, కూతురి ఫీజుల కాగితాల మీద సంతకాలు పెట్టేది. రాత్రి పడుకుంటే నిద్ర కూడా బాగానే పట్టేది.

కొత్త కంపెనీ ఆయిలు పై గీత నుంచి కింద గీతకు రావడానికి పదకొండు వందల యాభై కిలోమీటర్లు పట్టింది. సైలెన్సర్ మాట నిలబెట్టుకున్నాడు. పాత కంపెనీ ఆయిలు ఎక్కడినుంచో తెప్పించి, ఉన్నదంతా దించి, పోశాడు. అది కింద గీతకు రావడానికి పన్నెండు వందలు పట్టింది.

"యాభై కిలోమీటర్ల తేడా!" సైలెన్సర్ షెడ్డు దద్దరిల్లేలా అన్నాడు. "అది మీరు ట్రాఫిక్కులో ఎన్నిసార్లు ఆగారో ఆ తేడా అయినా కావచ్చు. నా ఆయిలు మంచిదే, మీ ఆయిలు మంచిదే. బండే తాగుతోంది!"

"ఇన్నేళ్ళు తాగనిది ఇప్పుడెందుకు తాగుతుంది?"

అతను ఇంజను దగ్గరికి వెళ్ళి ఒక స్పార్కు ప్లగ్గు విప్పి తెచ్చాడు. దాని మొన చుట్టూ నల్లగా, గట్టిగా, పెచ్చులు కట్టి ఉంది. గోటితో గీకినా రాలేదు.

"చూశారా? ఇది మూడు నాలుగు నెలల్లో పట్టే మసి కాదు. లోపల వాల్వుల దగ్గర రబ్బరు సీళ్ళు రాయిలా గట్టిపడ్డాయి. పిస్టన్ల రింగులు కూడా అరిగాయి. అక్కడినుంచి ఆయిలు లోపలికి దిగి కాలిపోతోంది. ఇది ఏళ్ళ నుంచి జరుగుతోంది మేడమ్."

"లైటు ఇంతకు ముందెప్పుడూ వెలగలేదే."

"అదే నేనూ అనుకుంటున్నా. ఇంకో మాట. నేను కంపెనీ మార్చిన రోజు దించిన పాత ఆయిలు డబ్బాకి నిండా రాలేదు. మూడు బండ్లు ఒకేసారి చేస్తున్నా, అడుగున కాస్త ఉండిపోయిందిలే అనుకుని పట్టించుకోలేదు. ఆ తప్పు నాదే. అంటే అప్పటికే అది తక్కువుంది. అంతకుముందు మాత్రం ఏటా దించినప్పుడు నిండుగానే వచ్చేది. తాగే బండిలో ఆయిలు నిండుగా ఎలా ఉంటుంది మేడమ్? ఎవరో పోస్తూ ఉండాలి."

"ఎవరూ పొయ్యలేదు."

"మరి మీ సారు?"

ఆమె ప్లగ్గు వంక చూస్తూ, "ఆయన ఇప్పుడు ఇంట్లో ఉండట్లేదు," అంది.

"ఎప్పటినుంచి?"

"మీరు ఆయిలు మార్చడానికి నెలన్నర ముందు నుంచి."

ఆమెకు తెలిసినంతలో సైలెన్సర్ గొంతు తగ్గించి మాట్లాడడం అదే మొదటిసారి. "కూర్చోండమ్మా," అన్నాడు మెల్లగా, స్టూలు జరిపి. మేడమ్ అనడం కూడా మర్చిపోయాడు.

ఆ రోజుల్లో మారినవి రెండు. ఒకటి ఆయిలు, ఇంకొకటి ఇల్లు. ఆమె ఆయిలును మాత్రమే లెక్కలోకి తీసుకుంది.

షెడ్డు బయటికి వచ్చి, కారులో కూర్చుని భర్తకు ఫోను చేసింది. ఆరునెలలు దాటింది ఆ నంబరుకు చేసి. ఏ సంగతైనా కూతురి ద్వారానే అటూ ఇటూ నడిచేది. ఇదివరకైతే 'ఏమండీ' అని మొదలుపెట్టేది. ఇప్పుడు ఏమని పిలవాలో తెలియలేదు.

"నేనే," అంది.

"ఆఁ. చెప్పు. అమ్మాయి బానే ఉందా?"

"బానే ఉంది. కారులో ఆయిలు మీరు పోసేవారా?"

అవతల ఎక్కడో లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు. అన్నాడు, "పోసేవాణ్ణి."

"ఎప్పటినుంచి?"

"ఐదేళ్ళు అయుంటుంది. మొదట్లో మూడు నెలలకోసారి పోస్తే సరిపోయేది. రానురాను రెండు వారాలకోసారి. ఆదివారం నువ్వు బట్టలు నానబెట్టేటప్పుడు కిందికెళ్ళి పోసొచ్చేవాణ్ణి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకున్నా. అప్పుడు మీ నాన్న ఆస్పత్రిలో ఉన్నాడు. నువ్వు ఇటు ల్యాబు, అటు ఆస్పత్రి. ఇంకో బెంగ దేనికని ఊరుకున్నా. తర్వాత అలవాటైపోయింది. చివర్లో..." కాస్త తడబడ్డాడు. "చివర్లో ఆ ఇంట్లో నేను చేసే పని అదొక్కటే అనిపించేది."

"వెళ్ళేటప్పుడైనా చెప్పాలిగా."

"మర్చిపోయా," అన్నాడు. వెంటనే, "కాదు. మర్చిపోలేదు. లైటు వెలిగితే నాకే ఫోను చేస్తావనుకున్నా. మూడు నెలలు చూశా. చెయ్యలేదు. అమ్మేసుంటావులే అనుకున్నా," అన్నాడు.

"అమ్మలేదు. రోడ్డు మీద నేను అందులో ఉండగా ఇంజను పట్టేసేది. పక్కన అమ్మాయి కూడా ఉండుండొచ్చు."

అవతల ఏదో పనిముట్టు కింద పెట్టిన చప్పుడు.

"వింటున్నారా?"

"వింటున్నా. తప్పే. అంతదూరం ఆలోచించలేదు."

కోపం రావాల్సిన చోటు ఇదేనని ఆమెకు తెలుసు. రానీ అని ఆగింది. ఎదురుగా షెడ్డులో సైలెన్సర్ వేరే కారు కిందికి దూరాడు. కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. కోపం రాలేదు. చేతిలో క్లినిక్కు వాళ్ళ రసీదు ఉంది. దాన్ని వెనక్కి తిప్పి, పెన్ను తీసింది.

"ఇంకేమైనా ఉన్నాయా? నాకు చెప్పకుండా చేసినవి?"

"అంటే?"

"అదే, చెప్పండి. రాసుకుంటా. ఇంకేదైనా పేలేదాకా ఎందుకు?"

అతను ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటూ చెప్పాడు. పైన నీళ్ళ ట్యాంకులో తేలే బంతి నెలకోసారి ఇరుక్కుంటుంది, కర్రతో తట్టాలి. గ్యాసు పొయ్యి గొట్టం రెండేళ్ళకోసారి మార్చాలి, ఈ ఏడు మార్చాల్సిందే. కూతురి సైకిలు వెనక బ్రేకు తీగ మళ్ళీ మళ్ళీ వదులవుతుంది. బాత్రూము గొళ్ళెం లోపలి మరమేకు ఒకటి ఊడిపోతూ ఉంటుంది. ఆమె డ్యూటీ దిగిపోయే మనిషి దగ్గర వివరాలు తీసుకున్నట్టు వరసగా రాసుకుంది. రాస్తూ ఉండగా ఆమెకు ఒకటి తట్టింది.

"మాట ఎందుకు నమిలినట్టు వస్తోంది?"

"దవడ నొప్పి. రెండు మూడు నెలల నుంచీ. పొద్దున లేవగానే నోరు తెరుచుకోదు. పని ఎక్కువైందిలే."

"గార్డు పెట్టుకుంటున్నారా?"

నిద్రలో అతను పళ్ళు నూరుతాడు. అవి అరిగిపోకుండా రాత్రిళ్ళు పెట్టుకునే గట్టి ప్లాస్టిక్కు తొడుగది. ఆమె చేసిందే.

"పెట్టుకుంటున్నా. కానీ ఈమధ్య సరిగా కూర్చోవట్లేదు. అయినా తొమ్మిదేళ్ళు ఆగింది, అదే గొప్ప."

"అది తొమ్మిదేళ్ళది కాదు," అంది ఆమె. "తొమ్మిదోది."

"ఏంటీ?"

"ఏడాది తిరిగేసరికి మీరు దాన్ని కొరికి కొరికి పలచన చేసేస్తారు. మీకు పంటి డాక్టరంటే పడదు, కొత్తదంటే అచ్చు తియ్యనివ్వరు. అందుకని మొదటి అచ్చు మీదే ఏటేటా కొత్తది చేసి అదే డబ్బాలో పెట్టేదాన్ని. మధ్యలో నెలకోసారి మీరు పనికెళ్ళాక ల్యాబుకు తీసుకెళ్ళి అంచులు సరిచేసి తెచ్చేదాన్ని."

"చెప్పలేదేం?" అన్నాడు.

"మీరు అడగలేదుగా."

మాట నోట్లోంచి వచ్చాక అది ఎలా ఉందో ఆమెకే వినిపించింది. ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

"శనివారం ల్యాబుకు రండి. పాత అచ్చు ఇక పనికిరాదు, పళ్ళు అరిగిపోయుంటాయి. కొత్తగా తియ్యాలి. ఈసారి తప్పించుకోలేరు."

శనివారం మధ్యాహ్నం అతను వచ్చాడు. మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. బల్లల మీద సున్నపు పొడి. గోడ పొడుగునా అరల్లో వరసగా తెల్లటి దవడల అచ్చులు. ఎవరెవరివో, నోళ్ళు తెరుచుకుని. అతను కాస్త చిక్కాడు. చొక్కాకు ఇస్త్రీ ఉంది.

"ఇక్కడ కూర్చోండి. తల వెనక్కి వాల్చండి."

ఆమె గిన్నెలో గులాబీరంగు పొడి వేసి, నీళ్ళు పోసి, చకచకా కలిపింది. ఆ ముద్దను ట్రేలో సర్ది అతని నోట్లో పెట్టి, రెండు వేళ్ళతో అదిమి పట్టుకుంది.

"మూడు నిమిషాలు కదలకండి. ముక్కుతో గాలి పీల్చండి. మాట్లాడితే అచ్చు చెడిపోతుంది."

అతను కళ్ళతో సరేనన్నాడు. గోడ గడియారంలో సెకన్ల ముల్లు తిరుగుతోంది. అంత దగ్గరగా అతని ముఖం చూసి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు లేదు. వెళ్ళిపోవడానికి చాలా ముందు నుంచే చూడలేదని మాత్రం తెలిసింది. కనుబొమ్మల్లో మూడు తెల్ల వెంట్రుకలు వచ్చాయి.

"మీరు వెళ్ళిన రోజు నాకేమీ అనిపించలేదు," అంది ఆమె, గడియారం వైపు చూస్తూనే. "ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్ను మనిషి కాదంటారని. ఇప్పటికీ అనిపించట్లేదు. ఆయిలు సంగతి తెలిశాక ఏదో ఒకటి వస్తుందనుకున్నా. కోపమో, ఏడుపో. అదీ రాలేదు. మీ మీద ఇష్టం లేక కాదు. ఉందో లేదో తెలుసుకుందామంటే లోపల చేతికేమీ తగలడం లేదు."

అతని గొంతులోంచి చిన్న మూలుగులాంటిది వచ్చింది.

"మాట్లాడొద్దన్నానా. ఇంకో నిమిషం ఉంది."

ఆ నిమిషం ఇద్దరూ గడియారం చూశారు. అతని కళ్ళ చివర్లు తడిశాయి. ట్రే పెట్టుకుంటే చాలామందికి అలా నీళ్ళు వస్తాయి. ఆమె పక్కనున్న గుడ్డముక్కతో వాటిని తుడిచింది, అందరికీ తుడిచినట్టే. తర్వాత ట్రే అంచు పట్టుకుని ఒక్క ఊపున బయటికి లాగింది. వెలుతురులో తిప్పి చూసింది. ప్రతి పన్నూ స్పష్టంగా పడింది.

అతను నోరు పుక్కిలించుకుని వచ్చాడు. "నాకూ అంతే ఉండేది ఆ ఇంట్లో," అన్నాడు. "అందుకే వెళ్ళా. వెళ్తే పోతుందనుకున్నా."

"పోయిందా?"

"కొంచెం. లిఫ్టులో ముసలావిడ ఇరుక్కుంటే బయటికి తీశాం మొన్న. ఆవిడ ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది."

"మంచిదే," అంది ఆమె. మనస్ఫూర్తిగానే అంది.

గుమ్మం దాకా వెళ్ళి అతను ఆగాడు. "నేను ఆదివారాలు వచ్చి ఆయిలు చూసి వెళ్ళనా?"

ఆమె ఆలోచించింది. ఇష్టం లేని మాటకు ఆలోచించినట్టు కాదు, నిజంగానే ఆలోచించింది. "వద్దండీ," అంది. "నేను నేర్చుకున్నా. మీరొస్తే మళ్ళీ చూడ్డం మానేస్తా."

అతను తల ఊపాడు. ఆమె గార్డు ఎలా సరిచేసుకోవాలో, ఎప్పుడు మార్చుకోవాలో ఒక కాగితం మీద రాసి, నాలుగు రోజుల తర్వాత కొత్త గార్డుతోపాటు కూతురి చేత పంపించింది. అతనుండే వీధిలోనే ఉన్న పంటి డాక్టరు చిరునామా కూడా రాసింది, ఆయన చెయ్యి నెమ్మదని పక్కన రాసి.

సైలెన్సరు దగ్గరికి ఆమె తనే వెళ్ళింది. "మీ ఆయిలు మీద ఊరికే నింద వేశాను. ఏమీ అనుకోకండి."

"ఆయిలుకేం మేడమ్, దానికి సిగ్గూ శరమూ లేవు! నాకే వారంరోజులు ముద్ద దిగలేదు! మా ఆవిడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంది!" మళ్ళీ వీధంతా వినిపించింది. తర్వాత అతనే సలహా చెప్పాడు. రింగులు మార్చాలంటే ఇంజను మొత్తం విప్పాలి, పంతొమ్మిదేళ్ళ బండికి అంత అవసరం లేదు. వాల్వుల దగ్గర రబ్బరు సీళ్ళు మాత్రం మార్చి, కంపెనీ ఏదైనా సరే, పాత ఇంజన్లకు పోసే కాస్త చిక్కని ఆయిలు వేస్తే తాగడం తగ్గుతుందన్నాడు. పూర్తిగా మానుతుందని మాత్రం చెప్పలేనన్నాడు. అలాగే చేయించింది. తగ్గింది. లీటరుకు పద్దెనిమిది వందల కిలోమీటర్లు వచ్చింది.

మరో రెండు నెలలకు వకీలు ఆఫీసులో విడాకుల కాగితాల మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు. గుమస్తా ఎక్కడెక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించాడు. ఒకే పెన్నుతో ముందు ఆమె, తర్వాత అతను. పావుగంటలో అయిపోయింది.

మెట్లు దిగుతూ, "దవడ ఎలా ఉంది?" అని ఆమె అడిగింది.

"నోరు బానే తెరుచుకుంటోంది. కారు ఎంత తాగుతోంది?"

"పద్దెనిమిది వందలకు లీటరు."

"పర్లేదు."

"ఆఁ. పర్లేదు."

అతనికి బస్సు అటువైపు. వెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు. ఆమె కూడా ఎత్తింది. కారులో కూర్చుని తలుపు వేసుకుంది. ఏదో వస్తుందేమోనని కాసేపు చూసింది. ఎదుట అద్దం మీద దుమ్ము, దానిమీద పిచ్చుక కాలి గుర్తులు. లోపల మెల్లగా ఏదో కదిలింది. ఏమిటా అని కంగారుగా పట్టి చూసుకుంది. ఆకలి. మామూలు ఆకలే. కడుపు కాలుతున్నంత ఆకలి.

వీధి మూల బేకరీ దగ్గర కారు ఆపి రెండు బన్నులు కొంది. వేడిగా ఉన్నాయి. కారుకు ఆనుకుని, దారిన పోయేవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా, రెండూ తినేసింది. తర్వాత లోపలికి వెళ్ళి ఇంకొకటి అడిగింది.